పైకి లేచే కుర్చీ, పైకప్పు లేని కారు

సెలూనాయన దుకాణం మూసేసిన రోజున అందులోని సామాను ఎవరికి నచ్చింది వాళ్ళు పట్టుకుపోయారు. పెద్ద అద్దం ఒకరికి, బెంచీ ఇంకొకరికి, రకరకాల క్రాఫులతో గోడ మీద నవ్వుతూ నిలబడిన కుర్రాళ్ళ బొమ్మలు మరొకరికి. కుర్చీ జోలికి మాత్రం ఆయన ఎవర్నీ రానివ్వలేదు. నలుగురు మనుషులు, ఒక తోపుడు బండి, బోలెడన్ని తిట్లు కలిస్తే గానీ అది ఇంటికి చేరలేదు.

ఆ కుర్చీ సంగతి కాస్త చెప్పుకోవాలి. పోత ఇనుప కాలు, ఎర్ర రెక్సిను సీటు, వెనకాల పెడలు. ఆ పెడలు టకటకా తొక్కితే కుర్చీ కొంచెం కొంచెంగా పైకి లేస్తుంది. అదే పెడల్ని అదిమి పట్టి ఉంచితే, అలిగిన మనిషి మెత్తబడినట్టు ఉస్సుమంటూ దిగుతుంది. ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. కోర్టులో జడ్జి ముందు కూడా వంగని తలలు ఆ కుర్చీలో బుద్ధిగా వంగాయి. వాటిలో చాలా తలల మీద ఇప్పుడు జుట్టు లేదు గానీ, ఆ పాపం కుర్చీది కాదు.

"ముందుగది సగం ఇదే మింగేసింది," అంటూ ఆయన భార్య మొదట్లో రోజూ దులిపేసేది. కుర్చీనీ, ఆయన్నీ కూడా. తర్వాత ఆవిడ కుడి మోకాలు బిగుసుకుపోయింది. వంగమంటే వంగదు. సోఫాలో కూర్చుంటే లేవలేదు, మంచం మీంచి లేస్తే మళ్ళీ కూర్చోలేదు. చివరికి ఆవిడ ఒంటికి కుదిరిన ఆసనం ఇంట్లో ఒక్కటే తేలింది. ఆయన కుర్చీని నడుము ఎత్తుకి లేపేవాడు, ఆవిడ వెనక్కి ఆనుకునేది, ఆయన పెడలు అదిమేవాడు, ఉస్సు. లేవాలంటే మళ్ళీ టకటకటక. ఎవరి చెయ్యీ పట్టుకోనక్కర్లేదు. ఆవిడకి కావలసింది కూడా అదే. ఒక్కోసారి ఆయన చేతులు ఊరుకోక, చేతికందిన తెల్ల గుడ్డ ఆవిడ మెడ చుట్టూ కట్టబోయేవి.

"తీయండి ఆ గుడ్డ," అని ఆవిడ కసిరేది.

ఇక కారు. అదొక చిన్న పాత కారు. ఒకప్పుడు నీలం రంగులో ఉండేదని కాగితాల్లో రాసుంది కాబట్టి నమ్మాలి. స్టీరింగు పట్టుకునేది ఆయన, నడిపేది మాత్రం పక్క సీట్లో కూర్చున్న ఆవిడ. "హారన్ కొట్టండి. గుంత. బస్సు వెనక ఇంకో బస్సుందండీ, తొందరపడకండి. ఆ స్కూటరతను ఇటు చూస్తూ అటు తిరుగుతాడు చూడండి." ఆ స్కూటరతను సరిగ్గా అలాగే తిరిగేవాడు. ఇలా ఏళ్ళ తరబడి ఆ కారుకి ఒక్క గీత పడలేదు. ఆ పేరంతా సెలూనాయన తన ఖాతాలోనే వేసుకున్నాడు.

మోకాలు బిగుసుకున్నాక ఒకరోజు మందుల షాపుకని బయల్దేరారు. షాపు ముందు దిగబోతూ ఆవిడ సగం కారులో, సగం రోడ్డు మీద ఇరుక్కుపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. ఇక చూసుకోండి, వీధి వీధంతా డాక్టర్లైపోయారు.

"కాలు ముందు తీయండమ్మా!"

"కాదు కాదు, తల ముందు రావాలి."

"సబ్బు నీళ్ళు పోస్తే జారుతుంది."

బుడగలమ్మేవాడు బేరం మానేసి, చూడ్డానికి ముందు వరసలో చోటు సంపాదించుకున్నాడు. ఎవరో చేతులు పట్టుకున్నారు, ఎవరో భుజాలు పట్టుకున్నారు, మొత్తానికి లాగారు. ఆవిడ ఎవరి ముఖమూ చూడలేదు. చేతికర్ర అందుకుని ఇంటిదాకా కుంటుకుంటూ నడిచింది. సెలూనాయన వెనకాలే నత్తలా కారు నడుపుతూ, కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమోయ్, ఎక్కవోయ్, ఎవరూ చూడలేదోయ్," అని బతిమాలుతూ వచ్చాడు. ఎవరైనా చూడనివాళ్ళుంటే ఆ పిలుపులకి వాళ్ళూ బయటికొచ్చి చూశారు.

గుమ్మం దగ్గర ఆవిడ వెనక్కి తిరిగి ఒకటే మాట అంది. "ఈ డబ్బాలో మళ్ళీ కాలు పెడితే ఒట్టు."

అప్పట్నుంచి ఆవిడ గేటు దాటలేదు. ఆయన దాటేవాడు గానీ, దాటిన ప్రతిసారీ గేటు స్తంభానికి ఓ దెబ్బ తగిలేది. కూరగాయలకని బయల్దేరి ఊరి చివర రైలు గేటు దగ్గర తేలేవాడు. పక్క సీటు ఖాళీగా ఉంటే ఆయనకి కుడి ఏదో, ఎడమ ఏదో తెలిసేది కాదు. ఆ మాట ఆవిడతో అనలేదు. అంటే ఇన్నేళ్ళ పేరు పోతుంది మరి.

ఇలా ఉండగా ఆవిడ చెల్లెలికి కంటి ఆపరేషనైంది. ఆ చెల్లెలు ఊరికి ఆ కొసన ఉంటుంది. ఒక కన్ను చిన్నప్పట్నుంచే మసక, ఇప్పుడు రెండోదానికి కట్టు. అంటే లోకం మొత్తానికి తెర దించేసినట్టే. శనివారంనాడు ఫోన్ చేసింది.

"అక్కా, గురువారం పొద్దున్న నర్సు ఇంటికొచ్చి కట్టు విప్పుతుందట. నాకు భయంగా ఉందే. విప్పగానే ముందు నీ ముఖం చూడాలి. ఎన్నాళ్ళైందో నిన్ను చూసి."

"పిచ్చిదానా, నేను రానా? వస్తాను," అంది ఆవిడ.

ఫోన్ పెట్టేసి తన మోకాలి వంక చూసుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "ఏమండీ, వస్తానన్నానా?"

"అన్నావు."

"ఎలా వెళ్తాను?"

ఏ విషయం మీదైనా గంటసేపు మాట్లాడగల మనిషి, జుట్టు కత్తిరిస్తూ యుద్ధాల గురించీ వానల గురించీ తీర్పులిచ్చిన మనిషి, ఆ పూట బయటికెళ్ళి కారు ముందద్దం తుడవడం మొదలెట్టాడు.

సాయంత్రం ఆవిడ తమ్ముడొచ్చాడు. ఆయనకి డ్రైవింగు స్కూలుంది. ఊళ్ళో అందరూ బ్రేకు మాస్టారంటారు. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని, తనవైపున్న రెండో బ్రేకు తొక్కీ తొక్కీ ఆయన కుడికాలు మాట వినడం మానేసింది. దారిన పోయే కుక్క తుమ్మినా చాలు, ఆ కాలు టక్కున నేలని తొక్కుతుంది. భోజనాల దగ్గర గ్లాసు ఒలికినా అంతే.

"దిగులెందుకక్కా, మా స్కూలు కారు తెస్తాను," అన్నాడు.

"దాంట్లో మాత్రం మోకాలు వంగద్దురా?"

"అయితే సామాన్లు మోసే వ్యాను మాట్లాడతాను. వెనక తలుపు తీస్తే నిలబడే ఎక్కేయచ్చు. రెండు తాళ్ళు కట్టామంటే కదలవు."

"నేనేమన్నా బీరువానట్రా?"

"పోనీ, అంబులెన్సు?"

"కన్ను బాగై చూస్తే నేను అంబులెన్సులోంచి దిగుతుంటానా? ఆ తర్వాత దానికి గుండాపరేషను కూడా చేయించాలి. నువ్వు చేయిస్తావా?"

ఇంత జరుగుతున్నా సెలూనాయన ఆ మాటల్లో లేడు. కొత్తగా వచ్చిన గిరాకీ తల చూసినట్టు, ఆవిడ కూర్చున్న కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగాడు. కొంచెం వంగి చూశాడు. జానలతో కొలిచాడు. బయటికెళ్ళి కారు తలుపు తీసి అక్కడా కొలిచాడు. తిరిగొచ్చాడు.

"ఏమోయ్, ఒకసారి లే."

"ఎందుకు?"

"కుర్చీతో పనుంది."

విషయం అర్థమయ్యేసరికి బ్రేకు మాస్టారి కాలు టక్కున నేలని తొక్కింది. ఆవిడ మాత్రం తాపీగా అంది. "ఈ డబ్బాలో కాలు పెట్టనని ఒట్టేసుకున్నాను."

"కాలు పెట్టమని ఎవరన్నారు? నువ్వు కూర్చో చాలు. కాలు నీ వెనకాలే వస్తుంది."

మర్నాటి నుంచి ఇంటి ముందు పని మొదలైంది. సెలూనాయన పని చూసినవాళ్ళు అది కారు మరమ్మత్తనుకోరు. ముందు కారు నడుం చుట్టూ తెల్ల గుడ్డ కట్టాడు. డ్రిల్లు పెట్టబోయే చోట నీళ్ళు చిలకరించాడు. రంధ్రం పడగానే పౌడరు బ్రష్షుతో ఇనుప రజను దులిపాడు. అలవాటుగా, "కాస్త తల అటు తిప్పండి," అన్నాడు. కారు తిప్పలేదు. తనే అటువైపుకి వెళ్ళాడు.

డ్రైవరు పక్క సీటు ఊడదీశాడు. దాని ముందున్న అర కోసేసి, వంగని కాలు నిటారుగా చాపుకునే చోటు చేశాడు. వంట గ్యాసు స్టవ్వులు బాగుచేసే వెల్డింగతన్ని పిలిచి, ఇనుప కాలుని నేలకి అతికించాడు. కుర్చీ బయటికి తిరుగుతుంది, ఆవిడ వీధిలో నిలబడే దాంట్లో కూర్చుంటుంది, లోపలికి తిప్పి గడియ పెడతారు. సీటు బెల్టు చాల్లేదు. కత్తులు పదును పెట్టుకునే తోలు పట్టీ గోడకి వేలాడుతుంటే తెచ్చి బిగించాడు. పక్క అద్దం గేటు స్తంభానికి తగిలి విరిగిపోతే, గిరాకీలకి మెడ వెనక క్రాఫు చూపించే చేతి అద్దాన్ని కట్టాడు. దాన్లో వెనకొచ్చే బండ్లు కనపడవు గానీ, మన చెవి వెనక భాగం చాలా స్పష్టంగా కనపడుతుంది.

ఆ రోజులన్నీ కుర్చీ లేక ఆవిడ కూర్చోలేకపోయింది. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేది, కాదంటే వెళ్ళి పడుకునేది. ఒక్క మాట మెచ్చుకోలేదు, ఒక్క మాట వద్దనలేదు. అది ఆయనకి మరీ భయంగా ఉండేది.

అంతా బిగించాక, ఆయన స్టీరింగు ముందు కూర్చుని కుర్చీ లేపుదామని కాలు చాపాడు. పెడలు అందలేదు. ఎందుకందుతుంది? జన్మంతా కుర్చీ వెనక నిలబడి తొక్కిన మనిషి. పెడలు ఉండాల్సింది కుర్చీ వెనకే కాబట్టి, అక్కడే వచ్చేలా అతికించేశాడు. అక్కడిప్పుడు వెనక సీటుంది.

"మళ్ళీ ఊడదీయండి బావా," అన్నాడు బ్రేకు మాస్టారు.

"వెల్డింగు పడిపోయింది. గురువారంలోగా అతను మళ్ళీ దొరకడు. వెనక సీట్లో ఎవరో ఒకరు కూర్చుని తొక్కాలి." ఇలా అంటూ బావమరిది కుడికాలి వంక ఆశగా చూశాడు.

రెండో చిక్కు పైన వచ్చింది. కుర్చీలో ఎవరు కూర్చున్నా తల కారు కప్పుకి కొట్టుకుంటోంది. సెలూనాయన వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి చూశాడు. "పైన కాస్త తగ్గించాలి."

"బావా, అది జుట్టు కాదు, మళ్ళీ పెరగదు."

"పైపైనే తీస్తానయ్యా."

అద్దెకి తెచ్చిన రంపపు మిషనుతో పళ్ళెమంత ముక్క కోశాడు. దిగి, దూరంగా నిలబడి చూశాడు. ఎడమవైపు రవ్వంత ఎక్కువ పడింది. సరిసమానం చెయ్యాలిగా, కుడివైపు ఇంకొంచెం తీశాడు. ఇప్పుడు కుడివైపు ఎక్కువైంది. మళ్ళీ ఎడమ. పక్కలు సమానమయ్యేసరికి ముందు కన్నా వెనక దట్టంగా కనపడింది. అదీ తగ్గించాడు. క్రాఫు ఒకవైపు వంకరగా ఉండగా ఏ మనిషినీ ఆయన దుకాణం గడప దాటనిచ్చిన పాపాన పోలేదు. ఆ చెయ్యి ఇప్పుడు మాత్రం ఎలా ఆగుతుంది? ఆగేసరికి ముందద్దం నుంచి వెనకద్దం దాకా పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. చెవుల దగ్గర వదిలినట్టు చుట్టూ నాలుగు కమ్మీలు మిగిలాయి.

"గుండు కొట్టేశావు బావా," అన్నాడు బ్రేకు మాస్టారు, ఏకవచనంలోకి దిగిపోయి.

సెలూనాయన అరుగు మీద కూలబడ్డాడు. రేపే గురువారం. ఈ గుండు కారులో నలుగురూ చూస్తుండగా ఆవిడ ఎక్కడం కల్ల. మందుల షాపు ముందు కొద్దిసేపు పడ్డ అవమానాన్ని ఊరి ఆ కొసదాకా సాగదీసి పెట్టినట్టుంటుంది. అక్కడ చెల్లెలు కట్టు విప్పుకుని ఎదురుచూస్తుంది. కనపడేది నర్సు ముఖం.

అప్పుడు కిటికీలోంచి ఏదో చప్పుడైంది. ఏడుస్తోందనుకున్నాడు. తలెత్తి చూస్తే ఆవిడ ఊచలు పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వుతోంది. మందుల షాపు రోజు తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదలు.

"చెవులు కూడా తీసేయాల్సింది," అంది, ఊపిరి తీసుకుని. "ఆ తెల్ల గుడ్డలన్నీ ఇలా పట్రండి. కుట్టు మిషను నా దగ్గరికి జరపండి. నిలబడే కుడతాను."

దుకాణంలో గిరాకీల మెడకి కట్టిన తెల్ల గుడ్డలన్నీ కలిపి ఆవిడ కారుకి కప్పు కుట్టింది. అంచుల చుట్టూ నాడాలు. తన సీటు పైన వచ్చే గుడ్డకి మాత్రం మెడ దగ్గరి చిల్లు అలాగే ఉంచేసింది. "గాలాడద్దూ?" అంది.

గురువారం పొద్దున్న ఎండ ఇంకా చల్లగా ఉండగానే బయల్దేరారు. కుర్చీ వీధివైపు తిరిగింది. ఆవిడ వెనక్కి ఆనుకుంది. వెనక సీట్లోంచి బ్రేకు మాస్టారు పెడలు తొక్కబోతే, సెలూనాయన వద్దని తనే వంగి చేత్తో అదిమాడు. ఉస్సు. కుర్చీ లోపలికి తిరిగింది. ఎదురింటి వాళ్ళు చూస్తున్నారు. పట్టుకున్న చెయ్యి లేదు, లాగిన భుజం లేదు. ఆవిడ తోలు పట్టీ బిగించుకుని, ముందుకి చూసి అంది.

"హారన్ కొట్టండి. గేటు స్తంభం. కుడికి."

ఆ గొంతు వినగానే సెలూనాయనకి కుడి ఏదో తెలిసిపోయింది.

మొదటి మలుపు దాకా ఏ గొడవా లేదు. మలుపులో ఓ సైకిలతను అడ్డొచ్చాడు. సెలూనాయన చక్కగానే ఆపాడు. కానీ వెనక సీట్లో బ్రేకు మాస్టారి కాలు ఆగుతుందా? టక్.

"ఒరేయ్, నేను పైకి లేచాను," అంది ఆవిడ.

"పొరపాటక్కా."

తర్వాత ఒక బస్సు. టక్ టక్. పాలవ్యాను. టక్. రోడ్డు మధ్యలో బంతి. టక్ టక్ టక్. ఆ పెడలు తన కాలి కింద ఉన్నంతసేపూ ఆయన ఈ భూమ్మీద ఏ బండినీ నమ్మలేదు. బజారు వీధికి వచ్చేసరికి ఆవిడ తల నెమ్మదిగా గుడ్డ కప్పుని తాకింది, చిల్లులో దూరింది, బయటికొచ్చింది.

ఇప్పుడు బయటినుంచి చూసేవాళ్ళకి ఎలా ఉందో ఒక్కసారి ఊహించుకోండి. మెడ నుంచి చక్రాల దాకా తెల్ల గుడ్డ కప్పుకుని, కారంత ఒళ్ళుతో ఓ పెద్దావిడ క్రాఫు చేయించుకోవడానికి రోడ్డు మీద తీరిగ్గా వెళ్తోంది.

"అదిమి పట్టవయ్యా, దిగుతుంది!" అని సెలూనాయన కింద నుంచి అరిచాడు.

"అదుముతున్నా బావా!" టక్. ఆ కాలికి తొక్కడమే వచ్చు, పట్టి ఉంచడం రాదు. ఆవిడ ఇంకో పిసరు లేచింది.

"వద్దు, దించకండి," అంది ఆవిడ గొంతు, పైనుంచి. "ఇక్కణ్ణించి చాలా బాగా కనపడుతోంది."

వంతెన ముందు కూడలిలో ట్రాఫిక్కు చిక్కుపడిపోయి ఉంది. అన్ని వైపుల నుంచీ హారన్లు. మధ్యలో ట్రాఫిక్ పోలీసు ఈల ఊది ఊది బుగ్గలు వాచిపోయి నిలబడ్డాడు. కింద నిలబడ్డవాడికి బండ్ల వెనక భాగాలు తప్ప ఏం కనపడతాయి? ఆవిడకి మొత్తం కనపడింది. చేతికర్ర చిల్లులోంచి పైకి తీసింది.

"ఓ నీళ్ళ ట్యాంకరబ్బాయీ! నువ్వే, నువ్వే. రెండడుగులు వెనక్కి వెయ్యి. నీ వెనక ఖాళీ ఉంది, నేను చూస్తున్నాగా. బస్సు నాయనా, అతను జరిగేదాకా కదలకు. తొందరపడితే ఇక్కడే కాపురం పెట్టాలి. ఆ, ఇప్పుడు పద. స్కూటరమ్మా, నువ్వు ఇటు చూస్తూ అటు తిరక్కు."

ట్యాంకరు జరిగింది. బస్సు కదిలింది. దువ్వెన దిగిన జుట్టులా కూడలి చిక్కు విడిపోయింది. పోలీసతను కారు దగ్గరికి పరిగెత్తుకొచ్చి, గుడ్డ మీది తలకి సెల్యూట్ కొట్టాడు.

"మేడమ్, తమరిది ఏ డిపార్టుమెంటండీ?"

"కళ్ళ డిపార్టుమెంటు బాబూ. మా చెల్లెలి కట్టు విప్పేస్తారు. కాస్త దారి ఇప్పించు."

పోలీసతను మిగతా బండ్లన్నీ ఆపి పంపించాడు. ఆ కారు కాగితాలు అడగాలన్న సంగతి అతనికి సాయంత్రం ఇంటికెళ్ళాక గుర్తొచ్చుంటుంది.

చెల్లెలి ఇంటి ముందు కారు ఆగింది. అప్పుడు చూశారు ముగ్గురూ.

మెట్లు.

ఇల్లు ఎత్తు మీద ఉంది. వీధిలోంచి గుమ్మానికి నిటారుగా రాతి మెట్లు. ఎన్నిసార్లు ఎక్కిన మెట్లు అవి! కారు ఎక్కడం గురించే ఆలోచించి ఆలోచించి, ఇల్లు ఎక్కడం సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

అప్పుడే చుట్టుపక్కలవాళ్ళు పోగవుతున్నారు. "నలుగురం పట్టుకుంటే మోసేయచ్చు," అన్నాడొకడు. "కుర్చీతో సహా ఎత్తుదాం," అన్నాడు ఇంకొకడు. గుడ్డ మీద ఆవిడ తల ఒక్కసారి బిగుసుకుపోవడం సెలూనాయన కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. ఆ ముఖం ఆయనకి గుర్తే. మందుల షాపు ముందు చూసిందే.

"ఎవరూ ముట్టుకోకండి!" అన్నాడు. అన్నాడు గానీ, తర్వాత ఏం చెయ్యాలో తెలీదు.

పైన కిటికీ తెరుచుకుంది. నర్సు తొంగి చూసింది. "వచ్చేశారా? లోపల ఈవిడ ఆగడం లేదు. నాకింకో ఇంటికెళ్ళే పనుంది."

ఆవిడ ఆ కిటికీ వంక చూసింది. తన తల ఎత్తు చూసుకుంది.

"ఏమండీ, కారు గోడ వారకి పెట్టండి. కిటికీ కిందకి. ఎడమ. ఇంకాస్త. దువ్వెనంత సందు చాలు. ఆపండి." కారు ఆగింది. "ఒరేయ్ తమ్ముడూ."

"ఏంటక్కా?"

"భయపడు."

"ఊరికే ఎలా భయపడతానక్కా? కారు ఆగి ఉందిగా."

"మనిషికి భయమొచ్చేదాకా ఆగుతారా ఇక్కడ? ఏమండీ, మీరైనా ఏదో ఒకటి చెయ్యండి."

సెలూనాయన ఒక్క క్షణం ఆలోచించాడు. వెనక్కి తిరిగి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు.

"లారీ!"

టక్ టక్ టక్ టక్ టక్!

ఆవిడ కిటికీ గట్టుకి సమంగా లేచి నిలిచింది. చెల్లెలు గట్టు అవతల కుర్చీలో కూర్చుని ఉంది. నర్సు కట్టు విప్పింది. చెల్లెలు కన్ను చిట్లించింది, తుడుచుకుంది, మళ్ళీ చూసింది. తర్వాత నర్సు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, కట్టు మళ్ళీ కట్టేయమ్మా. ఆపరేషను కుదరలేదు."

"ఏం కనపడుతోందండీ?"

"మా అక్క తల. మెడ కింద ఒళ్ళు చూస్తే కారంత ఉంది."

నర్సు తొంగి కిందికి చూసింది. "సరిగ్గానే కనపడుతోంది లెండి," అంది.

"ముందు నా ముఖమే చూస్తానన్నావుగా," అంది ఆవిడ. "అందుకని మిగతాదంతా కప్పేసుకొచ్చాను. ఏమే, అంత చిక్కిపోయావేంటే? ఆ జుట్టేంటే అలా ఉంది?"

"కన్ను కదలకూడదని తల ముట్టుకోనివ్వలేదక్కా."

"ఏమండీ, దువ్వెన."

సెలూనాయన జేబులో దువ్వెన లేని రోజంటూ లేదు. చేయి చాపి అందించాడు. ఆవిడ గుడ్డ చిల్లులోంచి చేతులు రెండూ బయటికి తీసి, కిటికీలోంచి చెల్లెలి తల ఒళ్ళోకి తీసుకున్నంత దగ్గరగా లాక్కుని, చిక్కులు విడదీయడం మొదలెట్టింది. వాళ్ళ మాటలకి ఇక అంతు లేదు. ఆయన కారు దిగి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆవిడ చెయ్యి వాటం చూశాడు. కొసల నుంచి పైకి, నొప్పి పుట్టకుండా. ఇన్నేళ్ళు దుకాణం నడిపినా తన చేతికి అంత నిదానం రాలేదనిపించింది. ఆ మాట కూడా ఎవరితోనూ అనలేదనుకోండి.

వెనక సీట్లో బ్రేకు మాస్టారికి ఎండ పొడకి కునుకు పట్టింది. నిద్రలో ఆ కాలికి భయం లేదు. బరువుగా పెడలు మీద వాలింది.

ఉస్సు.

"అప్పుడు నేను దాంతో ఏమన్నానంటే..." అంటూ చెప్తున్న ఆవిడ, ఆ ఏమన్నదీ చెప్పకుండానే నెమ్మదిగా కిటికీలోంచి కిందికి దిగిపోయింది. దువ్వెన పైనే చెల్లెలి జుట్టులో ఉండిపోయింది.

"అక్కా! ఎక్కడికే?"

"ఒరేయ్ దొంగ వెధవా, లే! అసలు మాట చెప్పబోతున్నాను!"

"లారీ!" అని చెల్లెలు కిటికీలోంచి తనే అరిచింది.

టక్ టక్ టక్.

ఎండ తిరిగిపోయాక బయల్దేరారు. బ్రేకు మాస్టారి పిక్క పట్టేసింది గానీ, తొక్కడం మానలేదు. దారిలో సెలూనాయన ఉండబట్టలేక అడిగాడు.

"ఏమోయ్, మరి ఒట్టు?"

"కాలు పెట్టలేదుగా," అంది పైనుంచి. "కూర్చున్నానంతే. కాలు దానంతటదే వచ్చింది. ముందు చూడండి, గుంత. వచ్చే గురువారం చెల్లెలి జుట్టుకి నూనె పెట్టాలి, గుర్తుచెయ్యండి."

ఇంటి ముందుకి వచ్చేసరికి ఎదురింటి వాళ్ళు ఇంకా గుమ్మంలోనే ఉన్నారు. ఆవిడ వాళ్ళకి పైనుంచి తలూపింది. సెలూనాయన గేటులోకి తిప్పాడు.

"కుడికి," అంది ఆవిడ. "ఇంకాస్త. చాలు."

ఆ రోజు గేటు స్తంభానికి దెబ్బ తగల్లేదు.